రెండు కోట్ల పౌండ్లు వచ్చాయి, చోటే దొరకలేదు

లండన్ నుంచి రైల్లో వచ్చి ఆక్స్‌ఫర్డ్ స్టేషన్‌లో దిగి బయటికి అడుగుపెడితే, ఫోటోల్లో చూసిన గోపురాలు, పాత కాలేజీల గేట్లు ఏవీ ఎదురుపడవు. ముందు ఫ్రిడెస్‌వైడ్ స్క్వేర్, అక్కడ మలుపు తిరిగే బస్సులు, సైకిళ్లు. వాటి వెనక లేత పసుపు రంగులో పొడవాటి కొత్త భవనం ఒకటి. దాని మీద మెట్లుమెట్లుగా సన్నబడుతూ పైకి లేచే బురుజు, ఆ బురుజుకు పచ్చగా రాగి తొడుగు. అదే సయీద్ బిజినెస్ స్కూల్. ఇన్ని శతాబ్దాల విశ్వవిద్యాలయాన్ని చూడాలని వచ్చినవాడికి మొట్టమొదట కనిపించేది 2001లో తెరిచిన కట్టడం.

ఎవరో ముందుచూపుతో గుమ్మంలో నిలబెట్టారనుకుంటే పొరపాటే. 1996లో వఫీక్ సయీద్ అనే వ్యాపారి దాని కోసం 2 కోట్ల పౌండ్లు ఇస్తానన్నా, ఊరి నడిబొడ్డున చోటు దొరకక అది ఊరి అంచుకు వచ్చి చేరింది.

ఆక్స్‌ఫర్డ్‌లో 1096 నాటికే ఏదో ఒక రూపంలో పాఠాలు నడిచాయని చెబుతారు. ఎంబీఏ మొదలైంది 1996లో. సరిగ్గా తొమ్మిది వందల ఏళ్ల తేడా. పాత పండితులకు వ్యాపారమంటే చిన్నచూపు కాబట్టే రానివ్వలేదన్నది అందరూ చెప్పుకునే కారణం. చిన్నచూపు ఉన్న మాట నిజమే. కానీ ఆ చూపు చాలా సబ్జెక్టులు చూశాయి. ఇంగ్లిష్ సాహిత్యానికి అక్కడ డిగ్రీ స్థాయి విభాగం ఏర్పడింది 1894లో. ఇంజనీరింగ్‌కు మొదటి ప్రొఫెసరు వచ్చింది 1908లో. ఇప్పుడు బ్రిటిష్ రాజకీయ నాయకులను తయారుచేసే ఫ్యాక్టరీలా పేరుపడిన తత్వశాస్త్రం, రాజనీతి, ఆర్థికశాస్త్రం కలిపిన కోర్సు 1920 నాటిది. ఇవన్నీ మొదట్లో మొహం చిట్లింపులు చూసినవే. అయినా ఒక ప్రొఫెసరు, ఇద్దరు ముగ్గురు ట్యూటర్లు, రెండు గదులు అన్నట్టు మెల్లగా దూరాయి.

బిజినెస్ స్కూలు అలా దూరలేదు. సొంత భవనం, సొంత డైరెక్టరు, సొంత ఫీజులు, బయట మార్కెట్‌ను బట్టి అడిగే జీతాలు, గుమ్మం మీద దాత పేరు. ఇది పెట్టేబేడాతో, పది మంది పరివారంతో దిగే చుట్టం. చుట్టం మంచివాడా కాదా అన్నది తర్వాతి మాట, ముందు ఏ గది ఖాళీ చేయాలన్నదే ఇంట్లో గొడవ. ఆక్స్‌ఫర్డ్‌లో జరిగిందీ అదే. కాకపోతే ఆ ఇంట్లో గది ఖాళీ చేయాలంటే ఇంట్లోవాళ్లందరూ ఓటేయాలి.

ఈ ఓటు సంగతి తెలియకపోతే మిగతా కథ అర్థం కాదు. మన దగ్గర యూనివర్సిటీ అంటే ప్రభుత్వం వేసిన వైస్‌ఛాన్సలరు, నామినేట్ అయిన పాలక మండలి, పైన గవర్నరో మరొకరో ఛాన్సలరు. నిర్ణయం పైనుంచి కిందికి వస్తుంది. ఆక్స్‌ఫర్డ్‌లో అన్నిటికన్నా పై మాట కాంగ్రిగేషన్ అనే సభది. అందులో ఉండేది పాఠాలు చెప్పేవాళ్లు, కాలేజీ ఫెలోలు, పరిశోధకులు, లైబ్రరీల్లో, పాలనలో ఉన్న పెద్ద సిబ్బంది, వేల మంది. వైస్‌ఛాన్సలరు, ఆయన మండలి ఒక తీర్మానం తెస్తే ఈ సభ దాన్ని కొట్టేయగలదు. దీనికి తోడు ముప్ఫైకి పైగా కాలేజీలు, వేటి ఆస్తులు వాటివే, వేటి పెత్తనం వాటిదే. ఊరి మధ్యలో నేల చాలావరకు ఏదో ఒక కాలేజీదో, ఒకప్పుడు ఏదో కాలేజీ నుంచి వచ్చిందో అయి ఉంటుంది. వైస్‌ఛాన్సలరు చేతిలో ఖాళీ ఎకరాల లిస్టు ఉండదు.

డబ్బున్న వ్యాపారి ఆక్స్‌ఫర్డ్‌కు వచ్చి, తాను అనుకున్నది కాకుండా ఇంకేదో చూసి వెళ్లడం 1996లో కొత్తేమీ కాదు. సైకిళ్లు బాగుచేస్తూ జీవితం మొదలుపెట్టి, ఆక్స్‌ఫర్డ్ శివారు కౌలీలో మోరిస్ కార్ల ఫ్యాక్టరీ పెట్టి, ఆ ఊరికి వేలాది ఉద్యోగాలిచ్చిన విలియం మోరిస్, అంటే లార్డ్ నఫీల్డ్, 1937లో తన పేరు మీద కాలేజీ పెట్టమని ముందుకొచ్చాడు. ఆయన మనసులో ఉన్నది ఇంజనీరింగ్, అకౌంటెన్సీ. ఫ్యాక్టరీ నడిపేవాడికి పనికొచ్చేవి. అప్పటి వైస్‌ఛాన్సలరు లిండ్సే ఆయన్ను కూర్చోబెట్టి, నచ్చజెప్పి, చివరికి ఒప్పించింది సమాజ శాస్త్రాల పరిశోధన కాలేజీకి. నఫీల్డ్ ఒప్పుకున్నాడు గానీ మనసు విరిగింది. తను అడిగింది ఒకటి, వచ్చింది ఒకటి అన్న గుర్రు చాన్నాళ్లు పోలేదు. అయినా 1963లో చనిపోయాక ఆయన సొంత ఇల్లు ఆ కాలేజీకే దక్కింది. ఆ కాలేజీ ఉన్నది కూడా స్టేషన్ నుంచి ఊళ్లోకి వెళ్లే దారిలోనే, పాత కాలువ రేవు స్థలంలో. పడమటి వైపు నుంచి ఊళ్లోకి వచ్చే దారి అసహ్యంగా ఉందని, దాన్ని బాగుచేయాలని కూడా ఆయనకు ఉండేది. ఇప్పుడు స్టేషన్ నుంచి నడుచుకుంటూ వెళ్తే ముందు సయీద్, కాస్త దూరంలో నఫీల్డ్ తగులుతాయి. పది నిమిషాల నడకలో ఇద్దరు వ్యాపారులు.

నఫీల్డ్ పోయిన ఏడాదే బ్రిటన్‌లో బిజినెస్ స్కూళ్ల సంగతి తేల్చమని లార్డ్ ఫ్రాంక్స్‌కు అప్పగించిన నివేదిక వచ్చింది. పెద్ద స్థాయి బిజినెస్ స్కూళ్లు రెండు పెట్టండి, ఒకటి లండన్‌లో, ఒకటి మాంచెస్టర్‌లో అని ఆయన చెప్పారు. ఆక్స్‌ఫర్డ్ ఊసు లేదు, కేంబ్రిడ్జ్ ఊసూ లేదు. విశేషమేమిటంటే ఫ్రాంక్స్ అప్పుడు ఆక్స్‌ఫర్డ్‌లోనే వూస్టర్ కాలేజీకి పెద్ద. ఆ కాలేజీ నుంచి ఇప్పటి సయీద్ స్కూలు నాలుగడుగుల దూరం. సొంత ఊరి సంగతి బాగా తెలిసినవాడు గనకే సొంత ఊరి పేరు రాయలేదేమో.

లండన్, మాంచెస్టర్ స్కూళ్లు మొదలైపోయాయి. ఆక్స్‌ఫర్డ్‌లో ఉత్సాహం ఉన్న కొద్దిమంది ఊరుకోలేదు. 1965లో ఆక్స్‌ఫర్డ్ సెంటర్ ఫర్ మేనేజ్‌మెంట్ స్టడీస్ అని ఒకటి పెట్టారు. బ్రేజ్‌నోస్ కాలేజీలో ఎకనామిక్స్ చెబుతూ, ఆ కాలేజీ పెట్టుబడుల లెక్కలు కూడా చూసే నార్మన్ లేలాండ్ దానికి మొదటి డైరెక్టరు. పేరులో ఆక్స్‌ఫర్డ్ ఉంది గానీ అది యూనివర్సిటీలో విభాగం కాదు. పక్కన నిలబడి చెయ్యి పట్టుకున్న సంస్థ, అంతే. 1969 నాటికి సొంత భవనం వచ్చింది. ఎక్కడ? ఊరికి దక్షిణాన మైళ్ల దూరంలో, కెన్నింగ్టన్ అనే పల్లె పక్కన ఎగ్రోవ్ పార్క్ తోటలో. కంపెనీల నుంచి మేనేజర్లు వచ్చి కొన్ని వారాలు ఉండి కోర్సు చేసి వెళ్లడానికి అది బాగానే ఉండేది. చెట్లు, నిశ్శబ్దం, మంచి భోజనం. కానీ ఊళ్లో ఫిలాసఫీ చెప్పే ప్రొఫెసరుకి, కెన్నింగ్టన్‌లో మార్కెటింగ్ చెప్పే ఆయనకి ఏడాదిలో ఒక్కసారైనా ఎదురుపడే అవసరం ఉండేది కాదు.

1980ల్లో మదుపుదారుగా పేరుమోసిన జాన్ టెంపుల్టన్ ఇచ్చిన పెద్ద విరాళంతో ఆ సెంటర్ టెంపుల్టన్ కాలేజీ అయ్యింది. ఫ్రాన్స్‌లో ఇన్సియాడ్ అనే బిజినెస్ స్కూలుకు డీన్‌గా చేసి వచ్చిన ఊవె కిట్జింగర్ దానికి మొదటి ప్రెసిడెంటు. పేరు మారింది, హోదా పెరిగింది, స్థలం మాత్రం అదే తోట.

బిజినెస్ స్కూలు గోడ అవతల ఉండిపోవడం ఒక్క ఆక్స్‌ఫర్డ్‌కే చెల్లిందేం కాదు. హార్వర్డ్‌లో బిజినెస్ స్కూలు 1908లో మొదలైంది. 1924లో జార్జ్ బేకర్ అనే బ్యాంకరు ఒక్కడే 50 లక్షల డాలర్లిచ్చి క్యాంపస్ కట్టించాడు, అదీ చార్లెస్ నది అవతలి ఒడ్డున, బోస్టన్ వైపు. హార్వర్డ్ పాత క్యాంపస్ ఇవతల కేంబ్రిడ్జ్‌లో. మధ్యలో నది ఉండటం ఇద్దరికీ హాయిగానే ఉంది. ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్‌కి మాత్రం అదృష్టం కలిసొచ్చింది. అక్కడ జడ్జ్ ఇన్‌స్టిట్యూట్ 1990లో ఏర్పడింది. సర్ పాల్ జడ్జ్ విరాళమిచ్చారు, ఊరి మధ్యలో ట్రంపింగ్టన్ స్ట్రీట్‌లో పాత ఆడెన్‌బ్రూక్స్ ఆసుపత్రి ఖాళీగా ఉంది. ఆసుపత్రి ఊరి బయటికి వెళ్లిపోయింది, స్కూలు అందులోకి దిగిపోయింది. ఎవరి ఆటస్థలమూ పోలేదు.

పక్క ఊరి పోటీ అంటే ఆక్స్‌ఫర్డ్‌కు ఎప్పుడూ గుచ్చుకుంటుంది. 1990లోనే అక్కడ కూడా స్కూల్ ఆఫ్ మేనేజ్‌మెంట్ స్టడీస్ అని యూనివర్సిటీ లోపల ఒక విభాగం పుట్టింది. దాని చేతిలో పేరుంది, కొన్ని పోస్టులున్నాయి. లేనిది ఇల్లు. ఆ ఇంటి కోసం వెతుకుతుంటే దొరికినవాడు వఫీక్ సయీద్.

సయీద్ 1939లో డమాస్కస్‌లో పుట్టాడు. తండ్రి రిదా సయీద్ కంటి డాక్టరు, సిరియాలో విద్యామంత్రిగా కూడా పనిచేశారు. ఇప్పటి డమాస్కస్ యూనివర్సిటీకి మూలమైన సిరియా విశ్వవిద్యాలయాన్ని 1923లో స్థాపించి, దానికి మొదటి అధ్యక్షుడైంది ఆయనే. సయీద్ గురించి రాసే చాలామంది ఈ మాటను దాటేసి సరాసరి సౌదీ డబ్బు దగ్గరికి వెళ్లిపోతారు. కొడుకు దారి వేరు. లండన్‌లో అన్నదమ్ములు రెస్టారెంట్ నడిపారు, తర్వాత సౌదీ అరేబియాలో నిర్మాణ రంగంలో సంపాదించాడు. 1985లో బ్రిటన్, సౌదీల మధ్య కుదిరిన అల్ యమామా యుద్ధ విమానాల ఒప్పందంలో ఆయన మధ్యవర్తిత్వం ఉందని పత్రికలు పదేపదే రాశాయి. తాను ఆయుధాల వ్యాపారిని కానని ఆయన అంటూ వచ్చారు. 1996 వేసవిలో ఆయన 2 కోట్ల పౌండ్లు ఇస్తానన్నారు, మిగతా ఖర్చు యూనివర్సిటీ సమకూర్చుకోవాలి.

స్థలం కూడా చూపించారు. మాన్స్‌ఫీల్డ్ రోడ్‌లో ఉన్న ఆటస్థలం. పాత కాలేజీలకు, సైన్స్ విభాగాలకు మధ్యలో, పచ్చగడ్డి పరిచిన మైదానం. పటంలో చూస్తే అంతకన్నా మంచి చోటు ఉండదు. అసలు చిక్కంతా అక్కడే ఉంది, అది మంచి చోటని అందరికీ తెలుసు.

1996 నవంబరులో కాంగ్రిగేషన్ కూర్చుంది. తీర్మానానికి అనుకూలంగా 214, వ్యతిరేకంగా 259. మొత్తం 473 ఓట్లు, 45 ఓట్ల తేడా. 2 కోట్ల పౌండ్లను ఆక్స్‌ఫర్డ్ ప్రొఫెసర్లు కాలదన్నారని మర్నాడు పేపర్లన్నీ రాశాయి. నిజానికి వాళ్లు కాదన్నది డబ్బును కాదు, మైదానం ఇచ్చేది లేదన్నారు. ఆ 259 మందీ ఒకే కారణంతో చెయ్యెత్తలేదు. ఆ నేలలో కట్టడాలు రాకూడదని పాత మాట ఒకటుంది, దాన్ని తప్పుతారా అన్నవాళ్లు కొందరు. ఆయుధాల ఒప్పందం నీడ పడ్డ డబ్బు మనకెందుకు అన్నవాళ్లు కొందరు. స్కూలు వ్యవహారాల్లో దాత పెట్టే ట్రస్టు మాట ఎంతవరకు చెల్లుతుంది, డైరెక్టరును ఎవరు ఎంపిక చేస్తారు అని నిబంధనలు విప్పి చూసినవాళ్లు కొందరు. మేనేజ్‌మెంట్ కూడా ఒక విద్యేనా అని మూతి విరిచినవాళ్లూ ఉన్నారు. మమ్మల్ని అడక్కుండా వైస్‌ఛాన్సలరు ఆఫీసులో అంతా ఖాయం చేసుకుని చివర్లో సంతకానికి వచ్చారన్న కోపం వీళ్లందరినీ ఒకచోట చేర్చింది. మైదానం ఆ కోపానికి ఒక గుర్తు. గడ్డి గురించి మాట్లాడితే ఎవరినీ అవమానించినట్టు ఉండదు కదా.

దాతల సంగతిలో ఆక్స్‌ఫర్డ్‌కు మరీ కడిగిన ముత్యం లాంటి చరిత్రేం లేదు. భారతీయులకు తెలిసిన ఉదాహరణలే రెండున్నాయి. బ్రాడ్ స్ట్రీట్ మూలన గుమ్మటం మీద ఏనుగు బొమ్మ గాలివాటుకు తిరిగే భవనం ఇండియన్ ఇన్‌స్టిట్యూట్. సంస్కృత పండితుడు మోనియర్ విలియమ్స్ మన రాజులను, జమీందారులను అడిగి తెచ్చిన చందాలు కూడా అందులో ఉన్నాయి. 1883లో శంకుస్థాపన. 1960ల్లో అందులోని పుస్తకాలను కొత్త బోడ్లియన్ లైబ్రరీ పైఅంతస్తుకు ఎక్కించి, భవనాన్ని వేరే పనులకు వాడుకున్నారు. దాతలు పోయారు, అడిగేవాళ్లు లేరు. ఏనుగు మాత్రం ఇంకా తిరుగుతోంది. రెండోది మంచి కథ. స్పాల్డింగ్ అనే ఆయన ఇచ్చిన నిధితో ప్రాచ్య మతాలకు, నీతిశాస్త్రానికి ఒక ప్రొఫెసరు పదవి ఏర్పడింది. 1936లో దానిలో మొదట కూర్చున్నది సర్వేపల్లి రాధాకృష్ణన్, అంతకు ముందు ఐదేళ్లు వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వైస్‌ఛాన్సలరుగా చేసి వెళ్లినవాడు. ఒక కుర్చీ కోసం డబ్బు ఇస్తే పెద్దగా ఎవరికీ ఇబ్బంది ఉండదు. కుర్చీ ఎక్కడైనా పడుతుంది.

ఓటు పోయాక యూనివర్సిటీ ముందు ఉన్న దారులు రెండే, దాతను వదులుకోవడం, లేదా ఎవరూ కొట్లాడని నేల వెతకడం. అలాంటి నేల స్టేషన్ పక్కనే దొరికింది. అక్కడ అంతకుముందే ఇంకో స్టేషన్ ఉండేది. 1851లో కట్టిన రూలీ రోడ్ స్టేషన్. అదే ఏడాది లండన్‌లో లేచిన క్రిస్టల్ ప్యాలెస్‌కు వాడిన పద్ధతిలోనే, ఇనప ముక్కలు పోతపోసి తెచ్చి బిగించిన చట్రం దానిది. 1951లో ప్రయాణికులకు మూసేశారు. తర్వాత టైర్లు బిగించే షెడ్డుగా కూడా కాలం గడిపింది. పాడుబడినా అది రక్షిత కట్టడం, కూల్చడానికి లేదు. అందుకని 1999లో మరలు విప్పి, ఒక్కో ముక్కా గుర్తుపెట్టి, బకింగ్‌హామ్‌షైర్‌లో క్వెయిన్టన్ అనే ఊళ్లోని రైల్వే మ్యూజియానికి తరలించి మళ్లీ నిలబెట్టారు. పాత స్టేషన్ పక్క జిల్లాకు వెళ్లింది, ఆ ఖాళీలో బిజినెస్ స్కూలు లేచింది. ఈసారి కాంగ్రిగేషన్ అడ్డు చెప్పలేదు. మాన్స్‌ఫీల్డ్ రోడ్ మైదానంలో ఇప్పటికీ ఆటలు సాగుతున్నాయి.

భవనం గీసింది డిక్సన్ జోన్స్ సంస్థ, లండన్‌లో రాయల్ ఒపేరా హౌస్‌ను కొత్తగా తీర్చిదిద్దినవాళ్లే. వాళ్లకు ఇచ్చిన పని అంత తేలికది కాదు. ఆక్స్‌ఫర్డ్ కాలేజీ అంటే మధ్యలో చతురస్రపు పచ్చిక, చుట్టూ స్తంభాల వసారా, ఒక బురుజు. ఇవేవీ లేకపోతే బయటివాడిలా కనిపిస్తుంది, అన్నీ ఉన్నదున్నట్టు కాపీ కొడితే వేషం వేసినట్టుంటుంది. వాళ్లు లోపల తోట పెట్టారు, వసారా పెట్టారు, పైన ఆకాశం కిందే మెట్ల సభాస్థలం ఒకటి పెట్టారు, బురుజును మాత్రం బాబిలోనియా గుడి ఆకారంలో లేపారు. చూసినవాళ్లలో సగం మంది బాగుందంటారు, సగం మంది ఆ బురుజు వైపు చూసి ఊరుకుంటారు.

గోడలు లేచాక కూడా చోటు గొడవ తీరలేదు. ఈసారి గొడవ పదవుల దగ్గర. 1997లో మొదటి డైరెక్టరుగా వచ్చిన ఆర్థికవేత్త జాన్ కే, 1999 కల్లా వెళ్లిపోయారు. కమిటీ నుంచి కమిటీకి తిరుగుతూ ఎవరూ కాదనకుండానే ఏ పనీ జరగకుండా పోయే ఆ పద్ధతి గురించి ఆయన తర్వాత బహిరంగంగానే రాశారు. ఆయన బాధలో న్యాయముంది. ఫైనాన్స్ చెప్పే మంచి ప్రొఫెసరును అమెరికా నుంచి పిలవాలంటే అక్కడి జీతానికి దగ్గర్లో ఇవ్వాలి. అంత ఇస్తే పక్క విభాగంలో లాటిన్ చెప్పే ప్రొఫెసరు, నేనేం తక్కువ అని అడుగుతాడు. ఒకే స్కేలు అందరికీ అన్నది పాత విశ్వవిద్యాలయాల్లో జీతం లెక్క మాత్రమే కాదు, అన్ని విద్యలూ ఒకటే అన్న నమ్మకం కూడా. బిజినెస్ స్కూలు ఆ నమ్మకానికే రేటు కట్టింది. ఏ దేశంలోనైనా పాత యూనివర్సిటీలో బిజినెస్ స్కూలు పెడితే మొదట తగిలే రాయి ఇదే, భవనం తర్వాత.

కే తర్వాత ఆంథొనీ హాప్‌వుడ్ వచ్చారు. అకౌంటింగ్ మనిషే గానీ, లెక్కల పుస్తకాలు కంపెనీలో మనుషుల ప్రవర్తనను ఎలా మారుస్తాయి అన్నది ఆయన పరిశోధన. ఆ రంగంలో పేరున్న పత్రికను 1976లో స్థాపించింది కూడా ఆయనే. తర్వాత 2006 నుంచి 2011 దాకా కోలిన్ మేయర్, ఫైనాన్స్ పండితుడు, కంపెనీ అంటే వాటాదార్ల లాభమేనా అని అడిగే రకం. ఈ ఎంపికల వెనక ఒక తెలివి కనిపిస్తుంది. సీఈఓలా మాట్లాడేవాణ్ని తెస్తే ఊళ్లోని చరిత్రకారులు, తత్వవేత్తలు లోపలికి రానివ్వరు. పుస్తకాలు రాసి, సెమినార్లలో తన వాదం నిలబెట్టుకోగలిగినవాడైతే పక్కన కుర్చీ వేస్తారు. స్కూలుకు ఊళ్లో చోటు సంపాదించి పెట్టింది ఇలాంటి నియామకాలే. 2011లో హార్వర్డ్ బిజినెస్ స్కూలు నుంచి వచ్చిన పీటర్ టుఫానో నాటికి ఆ పని చాలావరకు అయిపోయింది. అందుకే ఆయన కాలంలో 1+1 అనే పద్ధతి పెట్టగలిగారు. ఒక ఏడాది వేరే విభాగంలో, పర్యావరణమో కంప్యూటర్ సైన్సో మరొకటో మాస్టర్స్ చేసి, రెండో ఏడాది ఎంబీఏ చేయొచ్చు. ఇరవై ఏళ్ల కిందట ఆ విభాగాల తలుపు తట్టడానికే సిఫార్సు కావాలి.

మధ్యలో కెన్నింగ్టన్ తోటలోని కాలేజీ సంగతి కూడా తేల్చేశారు. టెంపుల్టన్ కాలేజీ 2008లో గ్రీన్ కాలేజీతో కలిసి గ్రీన్ టెంపుల్టన్ అయ్యింది, కంపెనీ మేనేజర్ల కోర్సులు సయీద్ స్కూలు చేతికి వచ్చాయి. నలభై ఏళ్లు ఊరి బయట విడిగా పెరిగిన కొమ్మ ఇంటి పేరులో కలిసిపోయింది.

ఎంబీఏ విద్యార్థి వైపు నుంచి చూస్తే ఈ పాత, కొత్తల కలయిక కాస్త వింతగా ఉంటుంది. ఏడాది కోర్సు, ఫీజే ఇప్పుడు 80 వేల పౌండ్లకు పైన, మన డబ్బులో దగ్గర దగ్గర కోటి. అంత డబ్బు కట్టి, ముప్ఫై ఏళ్లు దాటి, బ్యాంకులోనో కన్సల్టింగ్‌లోనో టీమ్‌లు నడిపి వచ్చినవాడు మొదటి నెలలోనే నల్ల గౌను, తెల్ల చొక్కా, తెల్ల బో టై కట్టుకుని లాటిన్ మాటల మధ్య విశ్వవిద్యాలయంలో పేరు నమోదు చేయించుకోవాలి. పరీక్షలకూ ఆ డ్రెస్సే. కార్పొరేట్ ఫైనాన్స్ పేపరు రాయడానికి గౌను వేసుకుని వెళ్తుంటే పక్కన గ్రీకు చదివే పంతొమ్మిదేళ్ల కుర్రాడు అదే గౌనులో ఉంటాడు. ప్రతి ఎంబీఏ విద్యార్థీ స్కూలుతో పాటు ఒక కాలేజీలో కూడా సభ్యుడు. పగలు స్టేషన్ దగ్గర కేస్ స్టడీ, రాత్రి కాలేజీ హాల్లో పొడవాటి బల్ల దగ్గర భోజనం, ఎదురుగా కూర్చున్నది ఉల్కల మీద పీహెచ్‌డీ చేసేవాడు. బిజినెస్ స్కూలు బ్రోషర్లలో ఎక్కువగా అమ్మేది ఈ భోజనాన్నే. అబద్ధం కూడా కాదు.

ఇదే మన వైపు జరిగిన కథల పక్కన పెడితే ఇంకో సంగతి తెలుస్తుంది. సయీద్ భవనం తెరిచిన 2001లోనే హైదరాబాద్ గచ్చిబౌలిలో ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ మొదలైంది. దానికి చోటు సమస్యే లేదు, ప్రభుత్వం 260 ఎకరాలిచ్చింది. వార్టన్, కెలాగ్ లాంటి విదేశీ బిజినెస్ స్కూళ్లు చెయ్యి కలిపాయి. కాంగ్రిగేషన్ లేదు, పాత ఆటస్థలం లేదు, ఎవరి జీతాలతోనూ పోలిక లేదు. కానీ వెనక విశ్వవిద్యాలయం కూడా లేదు. అందుకే అక్కడ ఏడాది చదివినవాడికి వచ్చేది డిగ్రీ పేరుతో కాదు, పోస్ట్ గ్రాడ్యుయేట్ ప్రోగ్రామ్ పేరుతో. ఐఐఎంలు కూడా 2017 చట్టం వచ్చేదాకా డిప్లొమాలే ఇచ్చాయి. ఉద్యోగమిచ్చే కంపెనీ ఈ తేడా పట్టించుకోదు, ఇంట్లో అమ్మానాన్నలు మాత్రం పట్టించుకుంటారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1957లోనే పూర్తికాలపు ఎంబీఏ పెట్టింది, దేశంలో అదే మొదటిదని చెప్పుకుంటారు. ఆక్స్‌ఫర్డ్ కన్నా దాదాపు నలభై ఏళ్లు ముందు. అప్పటికి దాని వయసు ముప్ఫై ఒకటి, వాల్తేరులో ఖాళీ నేలకు కొదవలేదు, కాదనడానికి తొమ్మిది వందల ఏళ్ల అలవాట్లు లేవు. ఆక్స్‌ఫర్డ్ అంత ఆలస్యంగా పెట్టినా ఆ పేరు బరువు డిగ్రీ కాగితం మీద మొదటి రోజు నుంచే ఉంది. 1996లో గడ్డి కోసం కొట్లాడినవాళ్లు కాపాడుకున్నది ఆ బరువునే అని వాళ్లవైపు వాళ్లు ఇప్పటికీ అంటారు. అందులో కొంత నిజముంది.

పేర్ల ఆటలో మాత్రం చివరికి దాతలదే పైచేయి అయ్యింది. మార్గరెట్ థాచర్ ఆక్స్‌ఫర్డ్‌లో కెమిస్ట్రీ చదువుకుని ప్రధాని అయిన మనిషి. అక్కడ చదివిన ప్రధానులకు గౌరవ డాక్టరేట్ ఇవ్వడం ఆనవాయితీ. 1985లో ఆ ప్రతిపాదన వస్తే, విద్యకు నిధులు కోసేసిందన్న కోపంతో అదే కాంగ్రిగేషన్ 738 ఓట్లకు 319గా తిప్పికొట్టింది. ఇప్పుడు సయీద్ స్కూలు వెనక వైపు పెరిగిన కొత్త భాగం పేరు థాచర్ బిజినెస్ ఎడ్యుకేషన్ సెంటర్. డాక్టరేట్‌కు ఓటింగ్ కావాలి, క్లాసు గదుల పేర్లకు అంత పట్టుదలగా ఎవరూ ఓటు అడగలేదు. ఆ పక్కనే ఒక పెద్ద లెక్చర్ హాలుకు నెల్సన్ మండేలా పేరుంది. ఆ ఇద్దరి పేర్లూ ఒకే కప్పు కింద ఉండటం గురించి అక్కడి విద్యార్థులు జోకులు వేసుకోకుండా ఉండరు.

సోషల్ ఎంట్రప్రెన్యూర్‌షిప్, అంటే సమాజ సమస్యల మీద వ్యాపార పద్ధతిలో పనిచేయడం, దాని కోసం ఈబే మొదటి ప్రెసిడెంటు జెఫ్ స్కోల్ డబ్బుతో 2003లో స్కోల్ సెంటర్ వచ్చింది. దాని మీద పెద్ద గొడవేం జరగలేదు. లోపల ఒకసారి చోటు దొరికాక గదులు పెంచుకోవడం తేలిక.

ఆ తర్వాత స్కూలుకు మళ్లీ చోటు చాలలేదు. కెన్నింగ్టన్ తోట నుంచి మేనేజర్ల కోర్సులను ఊళ్లోకి తేవాలని చూస్తూ ఎంచుకున్నది థేమ్స్ ఒడ్డున ఒస్నీలో ఉన్న పాత కరెంటు ఫ్యాక్టరీ. 1892లో ఆక్స్‌ఫర్డ్ వీధులకు మొదట కరెంటు ఇచ్చింది అదే. ఉత్పత్తి ఆగిపోయాక చాలా ఏళ్లు ఇంజనీరింగ్ విభాగం టర్బైన్ల మీద పరిశోధనకు వాడుకుంది. ఎర్ర ఇటుకల గోడలు ఉంచేసి లోపల కోర్సులకు వచ్చేవాళ్లకు గదులు, క్లాసులు అమర్చాలన్నది ప్లాన్, ఈసారీ ముందుకొచ్చిన డబ్బులో సయీద్ వాటా ఉంది. మొదటిసారి పాత రైల్వే స్టేషన్, రెండోసారి పాత పవర్ హౌస్. స్టేషన్ నుంచి అక్కడికి నడిచే దూరమే, కాకపోతే ఊరికి వీపు తిప్పి, నది వైపు.